గడ్డ దగ్గర రెండో గేరు

కామారెడ్డి,
జూన్ 1988

రాజన్నకు లతీఫ్ సలాం.

వకీలు సాబ్ నీకిచ్చిపోయిన కారు చేరింది. లారీ మీద నుంచి దింపుతుంటే బజారంతా పని మానేసి వచ్చి చూసింది. వకీలు సాబ్‌ను ఎక్కించుకొని దోమకొండ నుంచి నువ్వు ఈ ప్లిమత్‌ను తోలుకొచ్చే రోజుల్లో కూడా ఇంతమంది గుమిగూడలేదు. అప్పుడు నువ్వు టోపీ పెట్టుకొని స్టీరింగు ముందు కూర్చునేవాడివి, నేను బంపర్లు తుడిచే క్లీనర్‌ని. ఇప్పుడు తలుపు తెరిస్తే వెనక సీట్లోంచి రెండు కోళ్ళు దిగాయి. గంగామణి వదినకు చెప్పు, కోళ్ళు ఇక్కడ క్షేమంగా ఉన్నాయి, గుడ్లు మాత్రం మావి.

ఇక అసలు మాట. ఇంజను పనికిరాదు. ఇన్నేళ్ళు కొట్టంలో ఉంచి నీళ్ళు తీయడం మరిచిపోయావు, లోపలి నుంచి తుప్పు తిని బ్లాకు నిలువునా పగిలింది. దానికి సామాను బొంబాయిలో కూడా దొరకదు. కానీ చాసీ గట్టిగా ఉంది, రేకు ఇప్పటి బండ్ల రేకులా కాదు, సుత్తితో కొడితే సుత్తే ఎగిరిపడింది.

నా షెడ్డులో బోల్తా పడ్డ జీపు ఒకటి ఉంది. పైభాగం నుజ్జయింది కానీ డీజిలు ఇంజను నిన్నమొన్నటిది, గీత పడలేదు. దాని ఇంజను, గేరుబాక్సు, వెనక ఇరుసు మూడూ తీసి ప్లిమత్‌కు పెడతాను. పైన మన పాత కారు, లోపల కొత్త బండి. నువ్వు ఊ అంటే రేపే మొదలు.

ఈ ఉత్తరం పర్శరాములు చేతికిస్తున్నాను. ఎల్లారెడ్డి బస్సు ఇప్పుడు అతనే తోలుతున్నాడు. మీ ఇంటి ముందు ఎత్తు గడ్డ ఎక్కేటప్పుడు ఎలాగూ నెమ్మదిస్తాడు కాబట్టి కిటికీలోంచి అందిస్తానన్నాడు. జవాబు కూడా అలాగే పంపు, పోస్టు కంటే ముందు వస్తుంది.

నీ తమ్ముడు,
లతీఫ్


ఎల్లారెడ్డి,
జూలై 1988

తమ్ముడు లతీఫ్‌కు రాజలింగు దీవెనలు.

పర్శరాములు ఉత్తరం అందించలేదు, విసిరాడు. బురదలో పడింది. గంగామణి పొయ్యి దగ్గర ఆరబెట్టి ఇచ్చింది. పగిలిన బ్లాకు సంగతి అందులో చదివాను, కోళ్ళ సంగతి చెరిగిపోయింది.

నీకు గడ్డ సంగతి సరిగ్గా తెలియదు. ఎక్కే ప్రతి బస్సూ, ప్రతి లారీ మా గుమ్మం ముందే రెండో గేరులో పడుతుంది. ఆ చప్పుడు వినగానే నా కుడి పాదం యాక్సిలేటర్ మీద నుంచి లేచి మళ్ళీ నొక్కుతుంది. ఏ పాదం అంటావేమో, షుగరు పుండు మానలేదని నిజామాబాదులో కోసి పారేసిన పాదమే. మోకాలి కింద మంచం నవారు తప్ప ఏమీ లేదు. అయినా నొక్కుతుంది, నొక్కినప్పుడల్లా మడమలో పొడుస్తుంది. గంగామణి నూనె గిన్నె పట్టుకొని నిలబడి "ఏడ రాయాలె" అంటుంది. ఎక్కడని చూపించను.

వకీలు సాబ్ కారులో జీపు ఇంజను అంటే మొదట కోపం వచ్చింది. ఆ ఇంజను నడుస్తుంటే బానెట్ మీద చాయ కప్పు పెట్టేవాణ్ణి, నీకు గుర్తుండాలి. డీజిలు ఇంజను మీద కప్పు నిలుస్తుందా. కానీ కొట్టంలో కోళ్ళకు ఇల్లయి పడి ఉండటం కంటే అదే నయం. ఊ అంటున్నాను.

ఒక్క మాట మాత్రం విను. నేనే తోలాలి. ముప్పై ఏళ్ళలో కారుగాని లారీగాని, నేను పక్క సీట్లో కూర్చోలేదు. దవాఖాన నుంచి పడుకోబెట్టి తెచ్చారు, అది కూర్చోవడం కాదు. ఒకసారి వకీలు సాబ్ ఊరు దోమకొండ దాకా నా చేతులతో తోలుకొని పోవాలి. తర్వాత ఆ కారు ఏమైనా కానీ. కట్టె కాలు పెడల్ మీద జారుతుంది, చూశాను. ఒక్క ఎడమ కాలితో ఎలా అన్నది నువ్వు ఆలోచించు. తోచకపోతే తుక్కుకు ఇచ్చెయ్, నాకు చెప్పకు.

రాజలింగు


కామారెడ్డి,
ఆగస్టు 1988

రాజన్నకు లతీఫ్ సలాం.

తోచింది. తీరిగ్గా చదువు.

పాత ప్లిమత్‌కు గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది కదా. కొత్త గేరుబాక్సుకు గేరు కింద ఉంటుంది, కాబట్టి ఆ పాత కర్రకు పని లేకుండా పోయింది. దాన్ని తీసెయ్యలేదు. దానికి తీగ కట్టి యాక్సిలేటర్ చేశాను. కిందికి లాగితే బండి అందుకుంటుంది, వదిలితే దానంతట అదే పైకి పోతుంది. నీ చెయ్యి అలవాటుగా వెళ్ళే చోటే ఉంది. బ్రేకు పెడల్‌ను ఎడమకు జరిపి క్లచ్ పక్కన పెట్టాను. ఇక రెండు పెడళ్ళూ నీ ఎడమ కాలివే. ఒక్క కాలు రెండు పనులు చేయాలి, నీ కాలు చేస్తుంది. బస్తాలతో నిండిన లారీని వాగు ఒడ్డున ఆపిన కాలు అది.

ఇంజను కూర్చుంది. జీపు ఇంజను పొట్టిది, ముందు ఇంత ఖాళీ మిగిలింది. బిల్కిస్ షెడ్డుకు వచ్చి చూసి "గింత జాగల నేను వంట చేసుకుంట" అన్నది. రోజూ పొద్దుపోయి ఇంటికి వెళ్తున్నానని కోపం. "గా కారుతోనే కాపురం జెయ్యి" అని రొట్టెల గిన్నె అక్కడే పెట్టి పోయింది.

నిన్న మొదటిసారి స్టార్ట్ చేశాను. చాయ కప్పు పెట్టి చూశాను అన్నా. నిలవలేదు. సాసరుతో సహా పోయింది. అబద్ధం చెప్పి నిన్ను సంతోషపెట్టాలని లేదు. కానీ లాగుడు చూస్తే నువ్వే పాత ఇంజనును మరిచిపోతావు.

వెనక ఇరుసు ఒక్కటి మిగిలింది. దీపావళి లోపల నీ గుమ్మం ముందు హారన్ కొడతాను.

లతీఫ్


ఎల్లారెడ్డి,
సెప్టెంబరు 1988

తమ్ముడు లతీఫ్‌కు రాజలింగు దీవెనలు.

నీ ఉత్తరం చదివి మంచం మీదే సాధన మొదలుపెట్టాను. దూలానికి కట్టిన తాడును యాక్సిలేటర్ అనుకొని లాగుతున్నాను. గంగామణి చూసి దండం పెట్టుకుంది, మతి పోయిందని.

క్లచ్ స్ప్రింగు మెత్తగా ఉండేది చూసి వెయ్యి. జీపు క్లచ్ గట్టిగా ఉంటుందని విన్నాను. ఒక్క కాలికి ఎక్కువ బరువు ఎందుకు, అంతే, వేరే ఏమీ లేదు. పాత కారు క్లచ్ వేలితో నొక్కినా పోయేది.

ఇక్కడ వానలు బాగా పడ్డాయి. నాట్లు అయిపోయాయి. నేను బాగానే ఉన్నాను. నువ్వు నీ పని చూసుకో, దీపావళి అన్నావు కదా, అలాగే కానీ.

రాజలింగు

లతీఫ్ తమ్మీ, నేను గంగామణిని. ఉత్తరం మడిచి నా చేతికిచ్చిండు, నీ అన్నకు తెల్వకుంట అడుగుకు రాస్తున్న. ఎడమకాలు బొటనవేలు నల్లగైంది. గడప తాకిందంటడు. పుండు మానుతలేదు, వాసన వస్తుంది. దవాఖానకు పోదాం పా అంటే, కారు రానీ, తోలినంక పోత అంటడు. ఆడికి పోతే ఇదిగూడ తీసేస్తరని భయం. నా మాట ఇనడు. ఏం జేస్తవో ఏమో, జల్ది చెయ్యి.


కామారెడ్డి,
సెప్టెంబరు 1988

రాజన్నకు లతీఫ్ సలాం.

దీపావళి దాకా ఎందుకు, దసరాకే తెస్తాను. వేరే బండ్లన్నీ పక్కకు పెట్టాను. వచ్చినవాళ్ళతో "నాకు తీరిక లేదు, పోండి" అంటుంటే నా వెనకే తిట్టుకుంటూ పోతున్నారు. క్లచ్‌కు మెత్తటి స్ప్రింగు హైదరాబాదు నుంచి తెప్పిస్తున్నాను.

నువ్వు మాత్రం నడిచేటప్పుడు గడప చూసుకో. కర్ర ముందు పెట్టి తర్వాత అడుగు వెయ్యి. వదిన ఏం వండితే అది తిను, బెల్లం జోలికి పోకు.

ఇంతే. పర్శరాములు హారన్ కొడుతున్నాడు.

లతీఫ్


కామారెడ్డి,
అక్టోబరు 1988

రాజన్నకు లతీఫ్ సలాం.

ఈ ఉత్తరం రాయడానికి సిగ్గుగా ఉంది. పర్శరాములు నోటి నుంచి నువ్వు ఎలాగూ వింటావు, అతను ఊరూరా చెప్పుకుంటూ పోతున్నాడు, కాబట్టి నేనే చెబుతాను.

జీపు ఇరుసును ప్లిమత్ కింద పెడితే, ఇంజను నుంచి వచ్చే షాఫ్టు చాసీ అడ్డ పట్టీకి తగులుతోంది. పట్టీ కోసి పైకి అతకాలంటే వారం పని. నాకు తొందర. ఇరుసును తలకిందులు చేస్తే షాఫ్టు ఇంత పైకి లేస్తుంది కదా అని తోచింది. తిప్పేసి, బిగించి, నూనె పోశాను. సరిగ్గా కూర్చుంది. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

మొన్న పొద్దున షెడ్డు ముందు జనం చేరారు. నేను కూర్చొని మొదటి గేరు వేసి చేతి కర్ర లాగాను. కారు వెనక్కి పోయింది. పొరపాటున రివర్సు పడిందనుకొని రెండో గేరు వేశాను. ఇంకా జోరుగా వెనక్కి పోయింది. రోడ్డు దాటి చిన్నవ్వ మిర్చి బండిని గుద్దుకొని, మురికి కాలువలో వెనక చక్రాలు దిగబడి ఆగింది. చిన్నవ్వకు దెబ్బ తగలలేదు. "లతీఫు, నీ కారు నిన్ను జూసి బయపడి ఉరికిందిరా" అన్నది బజ్జీలు ఏరుకుంటూ.

ఇరుసు తలకిందులైతే చక్రాలు ఎదురు తిరుగుతాయి. ముందుకు నాలుగు గేర్లున్న బండికి వెనక్కి నాలుగు, ముందుకు ఒక్కటి అయ్యాయి. ఇది నిన్నగాక మొన్న పానా పట్టినవాడికి కూడా తెలుస్తుంది. నా చెయ్యి ఎందుకు ఆగలేదో నాకే అర్థం కాలేదు. కాలువ గట్టు తగిలి ఇరుసు వంగింది, లోపల పళ్ళు విరిగాయి. వేరేది దొరకాలి, పట్టీ కోయాలి. దసరాకు కాదు. సంవత్సరం లోపల అవుతుందో లేదో కూడా చెప్పలేను.

లతీఫ్


ఎల్లారెడ్డి,
అక్టోబరు 1988

తమ్ముడు లతీఫ్‌కు రాజలింగు దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నేను నవ్వుతుంటే గంగామణి ఏడుస్తున్నాననుకొని వంటింట్లోంచి చేతుల పిండితోనే పరుగెత్తుకొచ్చింది. ఇన్ని నెలల్లో ఈ ఇంట్లో నవ్వు వినపడింది ఇదే మొదలు, కాబట్టి నీ కష్టం ఊరికే పోలేదు.

నాలుగు గేర్లు వెనక్కి. దోమకొండకు అలాగే వెనక్కి పోతే వకీలు సాబ్ బతికున్న రోజులకు చేరేవాళ్ళమేమో. చిన్నవ్వకు బజ్జీల నష్టం ఇచ్చావా లేదా, అది రాయలేదు.

తొందర లేదు. నెమ్మదిగా చెయ్యి. కొన్నాళ్ళు ఉత్తరం వెయ్యకు, మేము ఊళ్ళో ఉండం. గంగామణి చుట్టాల పెళ్ళి ఉంది.

రాజలింగు


ఎల్లారెడ్డి,
జనవరి 1989

లతీఫ్‌కు,

పెళ్ళి లేదు, ఏమీ లేదు. ఇన్నాళ్ళూ నిజామాబాదు దవాఖానలో ఉండి వచ్చాము. ఎడమ కాలు తీసేశారు. వేలితో మొదలైంది, మోకాలి పైదాకా పోయింది. "దసరా ముంగట వస్తే వేలుతోని పోతుండె" అన్నాడు డాక్టరు. గంగామణి నా వైపు చూడకుండా గోడ వైపు తిరిగింది.

కారు ఆపెయ్. నువ్వు అమర్చిన పెడళ్ళు రెండూ ఎడమ కాలివి.

రాజలింగు


కామారెడ్డి,
ఫిబ్రవరి 1989

రాజన్నకు లతీఫ్ సలాం.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. షెడ్డు బల్ల మీద పెట్టి దాని చుట్టే తిరుగుతున్నాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. వేలు నల్లబడ్డ ముచ్చట సెప్టెంబరులోనే వదిన నాకు రాసింది. అప్పుడు నేను బస్సెక్కి వచ్చి నిన్ను భుజాన వేసుకొని దవాఖానకు తీసుకుపోవాల్సింది. తోలాక పోతానన్నావు కదా, అయితే తొందరగా తోలిద్దాం అనుకున్నాను. నా తొందరకు ఇరుసు తిరగబడింది. నాలుగు నెలలు పోయాయి, నీ కాలు పోయింది. ఎలా చెప్పినా ఇదే తేలుతుంది.

కారు ఆపలేదు అన్నా. ఇరుసు దొరికింది, ఈసారి ఎటు పైకో ముగ్గురికి చూపించి బిగించాను. ముందుకే పోతోంది. ఇంకో పని చేశాను. కామారెడ్డిలో డ్రైవింగ్ నేర్పే కారు చూశావు కదా, నేర్పేవాడి వైపు కూడా పెడళ్ళుంటాయి. అలా ఎడమ సీటు ముందు క్లచ్, బ్రేకు పెట్టాను. నువ్వు నీ సీట్లోనే కూర్చుంటావు. స్టీరింగు, గేరు, యాక్సిలేటర్ నీ చేతుల్లో. నేను పక్కన కూర్చొని నువ్వు క్లచ్ అంటే క్లచ్, బ్రేకు అంటే బ్రేకు నొక్కుతాను. చిన్నప్పుడు లారీ వెనక నిలబడి నువ్వు చెప్పినట్టు చక్రం కింద రాయి పెట్టలేదా, ఇదీ అంతే. తోలేది నువ్వే.

వద్దంటే మానేస్తాను. కానీ వద్దనకు.

లతీఫ్


ఎల్లారెడ్డి,
మార్చి 1989

లతీఫ్‌కు,

రా. దిండ్లు రెండు ఎక్కువ తీసుకురా, సీట్లో నేను నిలవాలి.

వదినను ఏమీ అనకు. ఆమె రాసిందని నాకు అప్పుడే తెలుసు. నువ్వు గడప చూసుకోమని రాసినప్పుడే తెలిసింది. నేనూ కారే ముందు రావాలని కోరుకున్నాను, దవాఖాన కాదు.

రాజలింగు


ఎల్లారెడ్డి,
ఏప్రిల్ 1989

తమ్ముడు లతీఫ్‌కు రాజలింగు దీవెనలు.

నువ్వు వెళ్ళేటప్పుడు ముఖం తిప్పుకున్నానని బాధపడి ఉంటావు. నీ ముందు ఏడుస్తానని తిప్పుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

కారు మంచిది. అది ముందు చెప్పాలి. తలుపు వేసినప్పుడు ఆ పాత చప్పుడే వచ్చింది. స్టీరింగు పట్టుకోగానే చేతులకు అన్నీ గుర్తొచ్చాయి. నువ్వు చేసిన చేతి కర్ర అడగకముందే నా వేళ్ళకు అందింది. గడ్డ ఎక్కి పైకి పోతుంటే గంగామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది, అద్దంలో చూశాను. అంతసేపు నేను డ్రైవర్నే.

తర్వాత గేర్లు అరిచాయి. నువ్వు నీ తప్పు అనుకున్నావు, మాటిమాటికీ "మాఫ్ జెయ్ అన్న, ఈసారి సరిగ్గ నొక్కుత" అన్నావు. తప్పు నీది కాదు. ఇంజను రొద మారగానే నేను నోరు తెరిచేలోపే నా ఎడమ కాలు క్లచ్ నొక్కేస్తుంది. లేని కాలే. నొక్కి, గేరు వెయ్యమని చేతికి చెబుతుంది. చెయ్యి దాని మాట వింటుంది, అది ముప్పై ఏళ్ళ అలవాటు. నేను క్లచ్ అని అనడం, నువ్వు వినడం, నొక్కడం అంతా దాని తర్వాతే. నువ్వు ఎంత తొందరగా నొక్కినా ఆ కాలు కంటే వెనకే ఉంటావు. మళ్ళీ మళ్ళీ అదే. నా చేతిలో ఏ బండి గేరూ అరిచి ఎరగదు లతీఫ్. లింగంపేట కూడా రాకముందే ఆపమన్నది అందుకే.

నన్ను ఎత్తి పక్క సీట్లో కూర్చోబెట్టి నువ్వు తోలావు. ఎప్పుడూ కూర్చోనన్న సీట్లో కూర్చున్నాను. నా ముందు నువ్వు అమర్చిన పెడళ్ళు రెండూ కొత్త రబ్బరుతో ఉన్నాయి. ఇంటి దాకా వాటినే చూస్తూ వచ్చాను. వాటి మీద పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

దోమకొండ ఇక పోము. ఇంజను తీసి పనికొచ్చే చోట పెట్టు. మిగిలింది నీ ఇష్టం. నొప్పి ఇప్పుడు రెండు కాళ్ళలోనూ వస్తోంది. బస్సు గడ్డ ఎక్కినప్పుడల్లా కుడిది లేస్తుంది, ఎడమది నొక్కుతుంది. పొద్దంతా బస్సులే.

రాజలింగు


కామారెడ్డి,
జూన్ 1989

రాజన్నకు లతీఫ్ సలాం.

నువ్వు చెప్పినట్టే చేశాను. పెద్దకొడప్‌గల్ రైతు హన్మండ్లు వచ్చి ఇంజను పట్టుకుపోయాడు, చెరుకు తోటకు నీళ్ళు తోడటానికి. మొన్న చూసి వచ్చాను. బాగానే తోడుతోంది. నేను వెళ్ళేసరికి దాని మీద ఎవరిదో తువాలు ఆరేసి ఉంది, ఇంజను ఊపుకు కింద పడబోతుంటే సర్ది వచ్చాను.

బండి షెడ్డు వెనక ఉంది. కోళ్ళు మళ్ళీ ఎక్కాయి. తుక్కువాడు రెండుసార్లు అడిగాడు. ఇస్తానన్నాను కానీ ఇవ్వలేదు. పెడళ్ళు తీసేద్దామని పానా పట్టుకొని పోయి, తీయకుండానే వచ్చాను.

వదినకు బిల్కిస్ సలాం చెప్పమంది. నీ నొప్పికి నేను చేయగలిగింది ఏదైనా ఉంటే చేస్తాను.

లతీఫ్


ఎల్లారెడ్డి,
జూలై 1989

తమ్ముడు లతీఫ్‌కు రాజలింగు దీవెనలు.

కొన్నాళ్ళుగా బస్సులు గడ్డ రాకముందే, అక్కడ వడ్లు ఆడించే గిర్ని దగ్గరే గేరు మార్చుకొని వస్తున్నాయి. మా గుమ్మం ముందు ఒకే చప్పుడుతో పోతున్నాయి. మొదట పర్శరాములుకు నిద్ర మత్తు అనుకున్నాను. తర్వాత చూస్తే అందరు డ్రైవర్లూ అంతే. గంగామణిని అడిగాను. "నాకేమెరుక" అని బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు. నువ్వు బస్టాండుకు పోయి ఒక్కొక్కరిని బతిమిలాడి ఉంటావు. ఆ పని చేసేది నువ్వు తప్ప ఎవరూ లేరు.

నొప్పి పోయింది. నిజమే చెబుతున్నాను. మడమలో పొడవడం లేదు, రాత్రి నిద్ర పడుతోంది. గంగామణి ముఖం కూడా తేటపడింది.

కానీ కాళ్ళు కూడా పోయాయి. ఇంతకు ముందు అవి ఎక్కడున్నాయో నాకు తెలిసేది. ఏ బస్సు వచ్చినా లేచి పని చేసేవి. ఇప్పుడు పొద్దున్నుంచి ఎదురుచూస్తాను, ఒక్కటీ కదలదు. దుప్పటి ఎత్తి చూస్తే ఏమీ లేదు. దవాఖానలో కోసినప్పుడు కూడా నాకు ఇలా అనిపించలేదు.

నీ మీద కోపం లేదు. పర్శరాములుకు చెప్పు, మిగిలినవాళ్ళకు కూడా చెప్పు. గేరు ఇక్కడే మార్చమను. మా గుమ్మం ముందే.

రాజలింగు